అడిగి తాకు చేయి

వాక్యభాగములు: మార్కు 10:13–16; మార్కు 10:46–52; యోహాను 20:17, 27



సువార్తలు చదువునప్పుడు మన ప్రభువుయొక్క చేతులను గమనించుట మేలు. ఎవరును దరిచేరని కుష్ఠరోగిని ఆయన ముట్టెను. జ్వరముతో పడియున్న పేతురు అత్తను చేయిపట్టి లేపెను. జనులు చిన్నపిల్లలను తీసికొనిరాగా శిష్యులు గద్దించిరి; ప్రభువు ఆ శిష్యులమీదనే కోపపడి, పిల్లలను ఒడిలోనికి తీసికొని, తలలపై చేయివేసి దీవించెను. అందుచేతనే మన సంఘములలో తల్లిదండ్రులు బిడ్డను తెచ్చినప్పుడు కాపరి చేయి బిడ్డ తలమీదికి తనంతట తానే పోవును.

అయితే కొందరు బిడ్డలు కలరు. చేయి తలకు తగిలినంతనే నిప్పు తగిలినట్లు కేకవేయుదురు. ఎత్తుకొనబోయిన వెనుకకు విరుచుకొందురు. కన్నతల్లి ముద్దుపెట్టినను చెంప తుడుచుకొందురు. పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడరు. ఇట్టి బిడ్డలలో అనేకులకు వైద్యులు ఆటిజమ్ అను పేరు చెప్పుచున్నారు. ఈ పసిబిడ్డలకు ప్రతిదినము ఒళ్లు మర్దన చేసినయెడల మేలు కలుగునని కొందరు చెప్పుచుండగా తల్లిదండ్రులకు మూడు ప్రశ్నలు కలుగుచున్నవి. మర్దన చేయవచ్చునా? చేసినయెడల బిడ్డ బాగుపడునా? బిడ్డ వద్దన్నను చేయవలెనా? ఈ మూడింటిలో కడపటిదే మనస్సాక్షిని పట్టి అడుగు ప్రశ్న. దానికి ఉత్తరము దొరికినయెడల మిగిలిన రెండును తమ తమ స్థానములలో నిలుచును.

ఈ స్థితి ఎట్టిది?

1943లో అమెరికాలోని బాల్టిమోరు పట్టణమున లియో కానర్ అను బాలల మనోవైద్యుడు 11 మంది పిల్లలనుగూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ స్థితి వైద్యలోకమునకు తేటపడెను. ఇది అంటురోగము కాదు, దయ్యము కాదు, పితరుల పాపఫలమును కాదు. మెదడు ఎదుగు విధములోనే యుండు భేదము. మాటలాడుటలోను, ఇతరులతో కలిసి మెలగుటలోను ఇబ్బంది, ఒకే చేష్టను మరల మరల చేయుట, అలవాటైన క్రమము మారినయెడల ఓర్వలేకపోవుట దీని గురుతులు. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘము తన లక్షణముల పట్టికలో ఇంకొక గురుతును చేర్చెను. శబ్దము, వెలుగు, స్పర్శ మొదలగునవి ఈ బిడ్డలకు మితిమీరి తగులును, లేక తగిలియు తగలనట్లుండును. మనకు మెత్తగా తోచు చొక్కా మెడపట్టీ ఒక బిడ్డకు ముల్లువలె గ్రుచ్చుకొనును. మరియొక బిడ్డ మోకాలు చీరి రక్తము కారుచున్నను ఏడువడు. మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును 21 వైకల్యములలో ఒకటిగా లెక్కించినది.

కావున ఈ బిడ్డ మన చేతిని త్రోసివేసినప్పుడు మన ప్రేమను త్రోసివేయుచున్నాడని తలంపరాదు. కాలిన చర్మముగలవాడు దుప్పటిని త్రోసివేయును. దుప్పటి కప్పినవారిమీద అతనికి ద్వేషము లేదు.

మర్దననుగూర్చి తెలిసినంత

బిడ్డ ఒళ్లు తోముట మన తెలుగు ఇండ్లలో క్రొత్త సంగతి కాదు. అమ్మమ్మ కాళ్లు చాపుకొని పీటమీద కూర్చుండి, బిడ్డను ఆ కాళ్లమీద పరుండబెట్టి, నువ్వులనూనెయో ఆముదమో రాచి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి నిద్రపుచ్చును. ఇశ్రాయేలీయుల ఇండ్లలోను పుట్టిన బిడ్డను నీళ్లతో కడిగి, ఉప్పు రాచి, గుడ్డలు చుట్టుచుండిరని యెహెజ్కేలు 16వ అధ్యాయమువలన తెలియుచున్నది. అట్లు చేయువారెవరును లేని శిశువును చూపియే ప్రవక్త దిక్కుమాలినతనమన నేమో వివరించెను. పసిబిడ్డకు మనుష్యుని చేయి అన్నమువలె అవసరమని మన పెద్దలకు ఎవరును నేర్పనక్కరలేకపోయెను.

అయితే అమ్మమ్మ చేతిలో ఇంకొక పనియు జరుగును. ముక్కు చప్పిడిగా నున్నదని ముక్కు నొక్కును. తల గుండ్రముగా రావలెనని తల ఒత్తును. అదియు ప్రేమయే. కాని ఆ ప్రేమలో బిడ్డను మనకు నచ్చిన రూపమునకు తేవలెనను కోరిక కలిసియున్నది. ఆటిజముగల బిడ్డను మర్దన చేయు చేతిలోను ఈ రెండును ఉండును. బిడ్డకు హాయి కలుగవలెననునది ఒకటి, బిడ్డ మారవలెననునది మరియొకటి. వీటిని కలిపివేసినందున అనేక గృహములలో దుఃఖము కలుగుచున్నది.

పరిశోధకులు కనుగొన్నదానిని ఉన్నదున్నట్లు చెప్పెదను. టిఫనీ ఫీల్డ్ అను విద్వాంసురాలు 1992లో మయామీ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో స్పర్శనుగూర్చి పరిశోధించు సంస్థను స్థాపించెను. 1997లో ఆమెయు తోటివారును 22 మంది ఆటిజముగల చిన్నపిల్లలను రెండు గుంపులుగా చేసి పరీక్షించిరి. ఒక గుంపువారికి వారమునకు రెండు దినములు, పూటకు 15 నిమిషముల చొప్పున నాలుగు వారములు మర్దన చేసిరి. రెండవ గుంపువారిని ఒడిలో కూర్చుండబెట్టుకొని ఆడించిరి. స్పర్శకు బెదరుట రెండు గుంపులలోను తగ్గెను. ఒకే చేష్టను మరల మరల చేయుట మర్దన పొందినవారిలో ఎక్కువగా తగ్గెను. 2001లో ప్రకటింపబడిన మరియొక పరీక్షలో 3 నుండి 6 ఏండ్లలోపు 20 మంది పిల్లలు పాల్గొనిరి. కొందరికి తల్లిదండ్రులే ప్రతిరాత్రి నిద్రకు ముందు 15 నిమిషములు ఒక నెలపాటు మర్దన చేసిరి. తక్కినవారికి వారి తల్లిదండ్రులు కథలు చదివిరి. మర్దన పొందినవారి నిద్ర మెరుగాయెను, బడిలో నడవడియు కొంత మెరుగాయెను.

ఒరెగాన్ రాష్ట్రమున లూయీసా సిల్వా అను వైద్యురాలు చీనాదేశపు ప్రాచీన మర్దనపద్ధతి ననుసరించి, తల్లిదండ్రులే దినమునకు 15 నిమిషములు ఐదు నెలలపాటు చేయదగిన క్రమము నొకటి ఏర్పరచెను. 103 మంది పిల్లలనుగూర్చి 2015లో ప్రకటించిన వ్యాసములో, పిల్లలకు స్పర్శవలని ఇబ్బంది తగ్గెననియు, తల్లిదండ్రుల మనోభారము సైతము తగ్గెననియు ఆమెయు తోటివారును తెలిపిరి.

ఇవి సంతోషవార్తలే. అయినను దొంగత్రాసు దేవునికి అసహ్యము గనుక రెండవ తట్టనుకూడ చూడవలెను. 2011లో కొరియా, ఇంగ్లండు దేశముల పరిశోధకులు అప్పటికి జరిగిన ఆరు పరీక్షలను జాగ్రత్తగా పరిశీలించి, ఆధారము కొద్దిపాటిదేయనియు, పొరబడుటకు ఎడము ఎక్కువగా ఉన్నదనియు తేల్చిరి. ఇట్టి పరీక్షలలో పిల్లలు కొద్దిమంది. అనేకచోట్ల మర్దన చేసిన తల్లిదండ్రులే ఫలితమునకు సాక్షులు. ఆశగల కన్ను ఆశించినదానిని చూచుట సహజము. కావున ఇంతమట్టుకు చెప్పవచ్చును: మర్దనవలన కొందరు బిడ్డలకు నిద్రయు నెమ్మదియు కలుగవచ్చును, తాకుట యనిన భయము తగ్గవచ్చును. అది ఆటిజమును పోగొట్టునని చెప్పువాడు తాను ఎరుగని దానిని చెప్పుచున్నాడు. దానికి వేలకొలది రూపాయలు అడుగువాడు గేహజీ త్రోవలో నడచుచున్నాడు. పుస్తె తాకట్టుపెట్టియైనను బాగుచేయించవలెనని తొందరపడు తల్లిదండ్రులు ఈ మాట వినవలెను.

బాగుచేయని ప్రేమ వ్యర్థమా?

అట్లయిన ఈ శ్రమ ఎందుకని యొకరు అడుగవచ్చును. పొలములో కలుపు మిగిలియున్నది, పొయ్యిమీద ఎసరు మరుగుచున్నది. బాగుపడునను నమ్మకము లేనిదానికి దినమునకు పావుగంట ఎక్కడనుండి వచ్చును? ఇది బీదతల్లి అడుగు న్యాయమైన ప్రశ్న. దీనిని ప్రసంగముతో కొట్టివేయరాదు.

ఏలీయా చావు కోరుకొని చెట్టుక్రింద పరుండినప్పుడు దూత వచ్చి అతనిని తాకెను. రొట్టెయు నీళ్లును చూపెను. ప్రవక్త తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత రెండవసారి వచ్చి మరల తాకెను. అక్కడ గద్దింపు లేదు, బోధ లేదు. ఆ తాకుడుతో ఏలీయా మనోవేదన తీరెనా? తీరలేదు. గుహకు చేరిన తరువాతను అతడు పాత మొరనే మరల పెట్టెను. అయినను దూత తాకుట వ్యర్థము కాలేదు. ముందున్న ప్రయాణమునకు చాలినంత బలము దానిలో నుండెను.

ముసలితండ్రి కాళ్లు పిసుకు కుమారుడు ఆ కాళ్లకు మరల యౌవనము వచ్చునని పిసుకుచున్నాడా? ఆ రాత్రి తండ్రి నిద్రించిన చాలును. బిడ్డ విషయములో మాత్రము మనము ఫలితమును లెక్కకట్టుదుము, ఏలయనగా బిడ్డనుగూర్చి మనకు ఆశలు ఎక్కువ. ఆశ పాపము కాదు. కాని ఆశ నెరవేరనియెడల ఆగిపోవు ప్రేమ బిడ్డను ప్రేమించినది కాదు, రాబోవు వేరొక బిడ్డను ప్రేమించినది. మన ఎదుట ఉన్నవాడు ఈ బిడ్డయే. ఆ పావుగంట దొరకని దినమున తల్లి నేరస్థురాలు కాదు. దొరికిన దినమున ఆ పావుగంటకు మరే ప్రతిఫలము రాకున్నను అది నష్టము కాదు.

బలవంతపు చేయి

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వచ్చితిమి. బిడ్డ వద్దన్నను వాని మేలుకొరకు తాకవలెనా?

చేయవలెనని చెప్పిన పెద్దలు కలరు. నికోలాస్ టిన్‌బర్గన్ జంతువుల నడవడినిగూర్చి పరిశోధించి 1973లో నోబెల్ బహుమానము పొందినవాడు. అతడును అతని భార్యయు 1983లో ఆటిజముగల పిల్లలనుగూర్చి ఒక గ్రంథము వ్రాసి, తల్లి బిడ్డను గట్టిగా పట్టుకొనవలెననియు, పెనుగులాడినను శాంతించువరకు విడువరాదనియు చెప్పు పద్ధతిని మెచ్చుకొనిరి. అనేక గృహములలో అట్లు చేసిరి. అది ఆటిజమును నయముచేయునని ఋజువు కాలేదు. బిడ్డకు మిగిలినది భయము.

మనము లోకపండితులను తప్పుపట్టి ఊరకుండుటకు వీలులేదు. 2003 ఆగస్టు నెలలో అమెరికాలోని మిల్వాకీ పట్టణమున ఒక చిన్న సంఘములో, ఆటిజముగల 8 ఏండ్ల బాలునిలోని దురాత్మను వెళ్లగొట్టుదుమని ప్రార్థన పేరిట వానిని నేలమీద అదిమిపట్టిరి. ఆ బాలుడు ఊపిరాడక మరణించెను. అతనిని పట్టినవాడు మరుసటి సంవత్సరము న్యాయస్థానములో శిక్షపొందెను. మన ప్రాంతపు స్వస్థతకూటములలోను అరచుచున్న బిడ్డను నలుగురు పట్టుకొనగా ఒకరు తలపై చేయి నొక్కి ప్రార్థించుట కలదు. బిడ్డ ఎంత ఎక్కువగా పెనుగులాడిన అంత ఎక్కువగా దురాత్మ యనుకొందురు. వాడు వద్దని చెప్పుటకు మాటలు లేక దేహముతో చెప్పుచున్నాడని ఎవరికిని తోచదు.

ప్రభువు ఎట్లు చేసెను? గ్రుడ్డివాడైన బర్తిమయి కేకలు వేయుచు వచ్చెను. అతనికి కావలసినది ఏమో దారిన పోవువారందరికిని తెలుసును. అయినను సర్వమెరిగిన ప్రభువు అతనిని అడిగెను, నీకు నేను ఏమి చేయగోరుచున్నావని. తెలియక అడిగిన ప్రశ్న కాదది, గౌరవించి అడిగిన ప్రశ్న. పునరుత్థానదినమున మగ్దలేనే మరియను తన్ను ముట్టుకొనవద్దనెను. ఎనిమిది దినములైన తరువాత తోమాను చేయి చాపి ముట్టుమనెను. ఇద్దరును ఆయనకు ప్రియులే. ఒకరికి దూరము, ఒకరికి స్పర్శ. ఎవరికి ఎప్పుడు ఏది తగునో చూచుటే ఆయన ప్రేమయొక్క విధము.

అట్లయిన బిడ్డ ఇష్టమునకే సమస్తమును విడిచిపెట్టుదుమా? లేదు. లారీకి ఎదురుగా పరుగెత్తు బిడ్డను రెక్కపట్టి లాగుటకు అనుమతి అడుగము. టీకా సూదికి పట్టుకొందుము, పుండు కడుగుదుము. అవసరము వేరు, ఆదరణ వేరు. అవసరమునకు ఒక్కొక్కప్పుడు బలము వాడవలసివచ్చును, అదియు చాలినంతమట్టుకే. ఆదరణను మాత్రము అదిమిపట్టి ఇయ్యలేము. బలవంతముగా ఇచ్చిన దీవెన పుచ్చుకొనువానికి దీవెనగా అందదు.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు మరువరాదు. లోకములో చెడ్డచేతులును కలవు. వద్దన్నను ఊరకుండి ఓర్చుకొనుమని ప్రతిదినము నేర్పబడిన బిడ్డ ఆ చెడ్డచేయి వచ్చిన దినమునను ఊరకుండును. తన వద్దనుమాట ఇంటిలో చెల్లునని ఎరిగిన బిడ్డకు అది రక్షణగా ఉండును.

1947లో బోస్టన్ నగరమున పుట్టిన టెంపుల్ గ్రాండిన్ అను ఆమె ఆటిజముతో పెరిగి, పశుశాస్త్రములో ఆచార్యురాలై, తన బాల్యమునుగూర్చి వ్రాసెను. కౌగిలి కావలెనని ఆమెకు లోలోపల ఆశ యుండెను. ఎవరైన కౌగిలించినయెడల అది అలవలె ముంచివేయుచుండెను. యౌవనమున ఆమె తన బంధువురాలి క్షేత్రములో, సూదిమందు వేయుటకు పశువును ఇరుప్రక్కల నొక్కి నిలుపు చట్రమును చూచెను. మన పశువుల ఆసుపత్రి యొద్ద ఎద్దును నిలుపు చట్రమువంటిదే అది. దానినిబట్టి ఆమె తనకొరకు ఒక చెక్కయంత్రము చేసికొనెను. రెండు మెత్తని పలకలు దేహమును నొక్కును. ఎంత నొక్కవలెనో, ఎప్పుడు విడువవలెనో ఆమె చేతిలోని మీటయే చెప్పును. అందులో ఆమెకు నెమ్మది కలిగెను. ఒత్తిడి అదే, కౌగిలియు అదే. మీట ఎవరి చేతిలో నున్నదనుటలోనే భేదమంతయు ఉన్నది.

తల్లిని నిందింపకుడి

మర్దననుగూర్చి మాటలాడునప్పుడు, చాలినంత ప్రేమగా తాకనందుననే బిడ్డ ఇట్లాయెనని ఇరుగుపొరుగువారు అనుట కలదు. ఇది పాత అబద్ధము. బ్రూనో బెటెల్‌హైమ్ అను ప్రసిద్ధుడు 1967లో ప్రకటించిన గ్రంథములో ఈ స్థితికి కారణము తల్లిదండ్రుల మనస్సులోని చల్లదనమే యన్నట్లు వ్రాసెను. ఒక తరము తల్లులు ఆ మాటను మోసికొని ఏడ్చిరి. అంతకు ముందే, 1964లో, ఆటిజముగల బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ ఇది దేహమునకు సంబంధించినదేగాని తల్లి నేరము కాదని గ్రంథము వ్రాసియుండెను. వైద్యలోకము అతని మాట సరియని ఒప్పుకొన్నది. పుట్టుగ్రుడ్డివానినిగూర్చి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. మన వీధిలో దానిని మరల ఎత్తుటకు మనమెవరము?

చేయదలచినవారికి

ప్రతిదినము ఒకే వేళను, ఒకే చోటను చేయుట మంచిది. ముందుగా తెలిసినది ఈ బిడ్డను భయపెట్టదు. మొదట మీ చేతులు బిడ్డకు చూపుడి. నూనెగిన్నె చూపుడి, చేయి చాపి ఆగుడి. మాటలు లేని బిడ్డయు పాదము చాపియో, ముడుచుకొనియో ఉత్తరము చెప్పును. తలతో మొదలుపెట్టక పాదములతోగాని, బట్టమీదుగా వీపుతోగాని మొదలుపెట్టుడి. మన చర్మములో మెల్లగా నిమురుటకు స్పందించు సన్నని నరములు కలవనియు, సెకనుకు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగము వాటికి తగునదనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అయితే ఆటిజముగల అనేక బిడ్డలకు తేలికగా నిమురుట చక్కిలిగింతవలె బాధించును. అరచేతితో నిదానముగా, సమముగా ఒత్తుట హాయినిచ్చును. ఏది హాయియో మీ బిడ్డయే మీకు గురువు. ఘాటువాసనగల నూనె వద్దు. జ్వరమున్నను, చర్మము చిట్లియున్నను ఆ దినము మానుడి. బిడ్డ చేయి త్రోసిన వెంటనే ఆపుడి. రెండు నిమిషములకే ఆగిపోయినను అది ఓటమి కాదు. త్రోసిన చేయి ఆగునని బిడ్డ నేర్చుకొన్నాడు, రేపు కొంచెము దగ్గరకు వచ్చును.

మర్దనను నమ్ముకొని తక్కిన సహాయమును విడువకుడి. మాట, నడవడి, చదువు నేర్పు శిక్షణ చిన్నప్పుడే ఆరంభించుట మేలు. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో విచారింపుడి. సికింద్రాబాదులోని మనోవికాసనగరములో బుద్ధివైకల్యముగలవారి సాధికారతకై కేంద్రప్రభుత్వపు జాతీయసంస్థ యున్నది. అక్కడ పరీక్షయు, తల్లిదండ్రులకు సలహాయు దొరకును.

సంఘముచేయవలసినది

ఆరాధనకు వచ్చిన ఇట్టి బిడ్డ బుగ్గ గిల్లకుడి, ముద్దుకై మీదపడకుడి. మైకు ప్రక్కను, డప్పు ప్రక్కను కాక తలుపు దగ్గర చోటు ఇయ్యుడి. వాడు లేచి తిరిగినయెడల తల్లివైపు కన్నెర్రచేయకుడి. చెవిటివానిని ప్రభువు జనసమూహములోనుండి ప్రక్కకు తీసికొనిపోయి స్వస్థపరచెను. గుంపు, గోల అందరికిని పడవని ఆయనకు తెలుసును. బిడ్డను దీవించు కాపరి చేయి వాని తలకు జానెడు దూరమున ఆగియున్నను దేవుని కృప ఆ జానెడును దాటగలదు. అలసిన తల్లి చేతిలోని కలుపుకొడవలిని ఒక గంట తీసికొను సహోదరియు చేతులుంచి ఆశీర్వదించుచున్నది.

ప్రార్థన

ప్రభువా, మా బిడ్డలను నీవు ఎరిగినట్లు మేము ఎరుగము. మా చేతులకు ఓపిక నేర్పుము. వద్దని చెప్పలేని బిడ్డయొక్క వద్దనుమాటను వినగల చెవి మాకిమ్ము. నీవు ఎవరిని బాగుచేసినను, ఎవరిని ఉన్నట్లే ఉంచినను, వారందరిని నీ ఒడిలోనివారిగా చూచు కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.